అకౌంట్స్ అంటే సేల్స్ అనుకునే జాబ్ యాప్: 5కి 2 స్టార్లు

నాలుగు నెలలుగా వాడుతున్నాను. నాది అకౌంట్స్ పేయబుల్‌లో, అంటే కంపెనీ సరుకు అమ్మినవాళ్లకి ఇవ్వాల్సిన బిల్లుల లెక్కలో, ఎనిమిదేళ్ల అనుభవం. పర్చేజ్ ఆర్డర్, సరుకు అందిన రసీదు, ఇన్‌వాయిస్ పక్కపక్కన పెట్టుకుని సరిచూడటమే రోజంతా నా పని. మూడూ కలిస్తేనే బిల్లు పాసవుతుంది. ఈ యాప్ కలపాల్సినవి రెండు కాగితాలే, నా రెజ్యూమే, ఉద్యోగ ప్రకటన. అవే కలవడం లేదు.

మొదటి వారం 43 అలర్టులొచ్చాయి. నా పనికి సంబంధించినవి 5. మిగతావి చాలావరకు 'అకౌంట్ ఎగ్జిక్యూటివ్', 'కీ అకౌంట్ మేనేజర్'. సేల్స్ వాళ్ల భాషలో అకౌంట్ అంటే కస్టమర్ అని నాకు తెలుసు, యాప్‌కి తెలీదు. ఒకమ్మాయి ఫోన్ చేసి "మీ ప్రొఫైల్ చూసే షార్ట్‌లిస్ట్ చేశాం మేడమ్" అంది. టార్గెట్లుంటాయా అన్నాను. "ఉంటాయి మేడమ్, ఇన్సెంటివ్ కూడా బాగుంటుంది!" బోడిగుండుకీ మోకాలికీ ముడి. పాపం, ఆ అమ్మాయిని అని ఏం లాభం, ఆమెకిచ్చిన లిస్టులో నా పేరుంది మరి.

ఇక నా రెజ్యూమేని నేనే ఆడిట్ చేసుకున్నాను. "సేల్స్ టీమ్‌తో సమన్వయం" అని ఎప్పుడో గొప్పకి రాసుకున్న లైను దొరికింది. పీకేశాను. హెడ్‌లైన్‌లో ఉత్త 'అకౌంట్స్' బదులు 'ఇన్‌వాయిస్ ప్రాసెసింగ్, వెండర్ రీకన్సిలియేషన్' అని పెట్టాను. సేల్స్ కాల్స్ సగానికి తగ్గాయి. అలర్టులు మాత్రం అలాగే ఉన్నాయి. 'ఆసక్తి లేదు' నొక్కితే కారణం చెప్పమంటుంది. జీతమా, దూరమా, కంపెనీయా? "అసలిది నా పనే కాదు" అనే ఆప్షన్ లేదు.

ఒళ్లు మండింది మాత్రం ఒక ఆఫర్‌తో. మూడు రౌండ్లూ పేయబుల్ గురించే మాట్లాడి, లెటర్‌లో 'రిసీవబుల్స్, కలెక్షన్స్' అని పంపారు. ఇవ్వాల్సిన డబ్బుకి లెక్క చూసేదాన్ని నేను. వాళ్లకి కావాల్సింది రావాల్సిన డబ్బు కోసం ఫోన్లు చేసే మనిషి. వద్దన్నాను. తప్పు యాప్‌ది కాదు, కానీ ప్రకటన ఇంకా పేయబుల్ అనే ఉంది. రిపోర్ట్ కొడితే "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని వచ్చింది. అప్పట్నుంచీ ఎవరైనా సరే, రెండో రౌండ్‌కి ముందే పని వివరాలు మెయిల్‌లో పెట్టమంటున్నాను. సగంమంది పెట్టరు, వాళ్లతో అక్కడితో సరి.

ఆ రెండు స్టార్లూ సెర్చ్‌కి. కొటేషన్ మార్కుల్లో 'అకౌంట్స్ పేయబుల్' అని కొట్టి, గత 24 గంటల ఫిల్టర్ పెడితే రోజూ రెండు మూడైనా పనికొచ్చేవి కనిపిస్తాయి. మన అప్లికేషన్ అవతలివాళ్లు తెరిచారో లేదో కూడా చూపిస్తుంది. అలర్టులన్నీ ఆపేసి, పొద్దున్నే పది నిమిషాలు నేనే వెతుక్కుంటున్నాను.