మా ఆర్‌వీ: 2020 మార్చిలో ఇరుక్కున్నప్పటి నుంచి

2019 నవంబరులో డాలస్‌లో ఒక పాత ఆర్‌వీ, అంటే లోపల పడకలు, వంటిల్లు, బాత్రూము ఉండే ఇల్లులాంటి బండి, కొన్నాం. 2015 మోడల్, 28 అడుగుల క్లాస్ సి, అంటే డ్రైవర్ సీటు పైన కూడా ఒక పడక ఉండే రకం. కంపెనీ పేరు చెప్పను, ఈ సైజు బళ్ళన్నీ లోపల ఇంచుమించు ఒకేలా ఉంటాయి. నాలుగున్నరేళ్ళు, 31 వేల మైళ్ళు తిప్పాక రాస్తున్నాను. కొన్న మూడో వారంలో రాసే రివ్యూలు నమ్మకండి. నేనూ అలాంటిదొకటి రాశాను, ఐదుకి ఐదు స్టార్లిచ్చాను.

గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చి ఉన్నారు. 2020 మార్చి 14న బయల్దేరి టెక్సస్‌లో పాలో డ్యూరో లోయ, న్యూ మెక్సికోలో శాంటా ఫే, యూటాలో మోయాబ్, అరిజోనాలో గ్రాండ్ కాన్యన్ చూసి మూడు వారాల్లో తిరిగి రావాలి. ఏప్రిల్ రెండో వారంలో వాళ్ళ విమానం. శాంటా ఫేలో ఉండగా 17న తెలిసింది, కోవిడ్ వల్ల మోయాబ్‌లో బయటివాళ్ళకి గదులూ క్యాంపింగూ ఆపేశారని. అక్కడ ఆర్‌వీ ఆపుకోడానికి బుక్ చేసుకున్న పార్కువాళ్ళు డబ్బులు వెనక్కివ్వలేదు, ఏడాదిలోపు వాడుకోమని క్రెడిట్ ఇచ్చారు. అది నేటికీ వాడలేదు. ఇంకో రెండు రోజులకు ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపబోతోందన్న వార్త వచ్చింది. "ఏరా, ఇంటికి పోదామా?" అన్నారు నాన్న. ఆఫీసు ఇంటి నుంచే, పాప బడికి సెలవులు, ఇద్దరు పెద్దవాళ్ళు 65 దాటినవాళ్ళు. ఇంటికి పోతే ఒకే హాల్లో ఐదుగురం. మనుషులు లేని చోటికి పోదాం అనిపించింది.

అరిజోనాలో మొదట అడిగిన పార్కులో 55 ఏళ్ళు దాటినవాళ్ళకే చోటట. నాన్నకి ఉంది, పాపకి ఆరేళ్ళు! చివరికి క్వార్ట్‌సైట్ దగ్గర లా పోసాకి చేరాం. అక్కడి ఎడారి కేంద్ర ప్రభుత్వ భూమి. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా చలికాలపు వలస పక్షుల్లా ఆర్‌వీలు దిగుతాయి. అప్పట్లో 14 రోజులకి 40 డాలర్ల పర్మిట్. కరెంటు ప్లగ్గు లేదు, కుళాయి బండి దాకా రాదు. కానీ నీళ్ళు పట్టుకునే చోటూ, మురుగు ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషనూ ఆ 40లోనే. ఆ నెలలో అదెంత పెద్ద విషయమో తర్వాత తెలిసింది. స్టేట్ పార్కులు మూతపడ్డాయంటే తిరగడానికి చోటు లేకపోవడమే కాదు, ఖాళీ చేసుకోవడానికీ చోటు లేకపోవడం. ఆర్‌వీ ఉంటే ఎక్కడికైనా పోవచ్చంటారు. మాకు తెలిసిన స్వేచ్ఛ మాత్రం 40 గ్యాలన్ల మంచినీళ్ళ ట్యాంకంత.

ఐదుగురికి అది రెండున్నర రోజులు వచ్చింది, అదీ స్నానాలు తగ్గించుకుంటే. ముందుగా నిండేది టాయిలెట్ ట్యాంకు అనుకున్నాను. కాదు, వంటింటి నీళ్ళది. గిన్నెలు తోమినప్పుడల్లా మీటరు పైకి. రెండో రోజు నుంచి అమ్మ కంచాలు కాగితంతో తుడిచి, తర్వాతే కడగడం మొదలుపెట్టింది. బియ్యం కడిగిన నీళ్ళు బయట ఒక ముళ్ళపొదకి పోసేది. టాయిలెట్ విషయంలో మన చెంబు అలవాటు లాభించింది. ఎక్కువ నీళ్ళు పడితే ఆ ట్యాంకులో సరుకు గట్టిపడదు, వాసనా తక్కువ. పక్కన ఆగిన పెద్దాయన టాయిలెట్ పేపరు ఎక్కడా దొరకడం లేదని బాధపడుతుంటే నాన్న చిద్విలాసంగా విన్నారు.

వంట సంగతి కూడా చెప్పాలి. గ్యాసు పొయ్యి బాగుంది, మూడు బర్నర్లు, కుక్కర్ పెట్టుకోవచ్చు. పోపు వేస్తే మాత్రం పొగ అలారం కూస్తుంది, రోజుకి రెండుసార్లు. తలుపు తీసి, ఫ్యాను వేసి, అప్పుడు ఆవాలు వేయాలి.

అసలు ఇబ్బంది బ్యాటరీలతో. రెండు లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఇచ్చారు, వాటిని సగం కంటే కిందికి దింపకూడదు. రాత్రి హీటరు గ్యాసు మీద నడిచినా, దాని ఫ్యాను కరెంటు మీదే. తెల్లారేసరికి మీటరు 12 వోల్టులకి పడేది. ఆఫీసు మీటింగుల కోసం పొద్దున్నే జనరేటర్ వేస్తే చుట్టుపక్కలవాళ్ళ నిద్ర పాడు. ఆ ఏడాది చివర్లో లిథియం బ్యాటరీ, పైన 400 వాట్ల సోలార్ పెట్టించాను. ఈ బండి మీద పెట్టిన ఖర్చుల్లో నేను చింతించనిది అదొక్కటే.

మిగతావి చాలానే. రెండో ఏట వర్షానికి మూల పైకప్పు కారింది. పైకప్పు అతుకులకి పూసే సీలెంట్ ఏడాదికి రెండుసార్లు చూసుకోవాలని అమ్మినాయన చెప్పలేదు, నేను అడగలేదు. టైర్లు అరగకముందే వయసు అయిపోయి మార్చాను. గ్యాలన్‌కి ఎనిమిది మైళ్ళు. 2020 ఏప్రిల్లో దాదాపు 1,200 మైళ్ళు ఇంటికి వస్తున్నప్పుడు టెక్సస్‌లో పెట్రోలు రెండు డాలర్ల లోపే, ఆ నొప్పి తెలియలేదు. 2022 జూన్‌లో అమెరికా సగటు ఐదు దాటినప్పుడు తెలిసింది. 55 గ్యాలన్ల ట్యాంకు నింపాక ఆ వారం ఎక్కడికీ పోలేదు. మా కాలనీ రూల్ ప్రకారం ఇంటి ముందు పెట్టకూడదు, కాబట్టి నెలనెలా స్టోరేజీ అద్దె.

కొనాలా? పెద్దవాళ్ళతో పోయేవాళ్ళు ముందు వారం అద్దెకి తీసుకోండి. మెట్టు ఎత్తు, రాత్రి బాత్రూముకి దారి, రెండూ చూడండి. పానా పట్టడం రానివాళ్ళు వద్దు. 2021లో అమెరికాలో ఆరు లక్షల పైచిలుకు కొత్త ఆర్‌వీలు తయారయ్యాయి. ఆ హడావుడిలో కట్టిన బండి పాతది కొంటుంటే పైకప్పు ఎక్కి చూడకుండా డబ్బివ్వకండి.

అమ్మానాన్న 2020 జూలైలో వందే భారత్ విమానంలో, అంటే కోవిడ్‌లో చిక్కుకున్నవాళ్ళ కోసం ఇండియా నడిపిన విమానంలో, వెళ్ళారు. ఇప్పటికీ ఫోనులో అమ్మ మొదట అడిగేది పాప గురించి, రెండోది, "ఆ బండిలో పొగ గంట బాగు చేయించావా?" అని. అది బాగానే పనిచేస్తోందని చెప్తే ఒప్పుకోదు.