అరగొనైట్ సూదుల కోసం స్లొవేకియాకు: ఓఖ్టినా, గొంబాసెక్ గుహలు

స్లొవేకియా తూర్పు వైపున, రోజ్న్యావా పట్టణం చుట్టుపక్కల కొండల్లో చూడదగిన గుహలు చాలానే ఉన్నాయి. అరగొనైట్ అనే ఖనిజం సూదుల్లా పెరిగే సున్నితమైన రూపాల మీద ఆసక్తితో వెళ్ళేవారు మాత్రం ముందుగా చూడవలసింది ఓఖ్టినా అరగొనైట్ గుహ. దీని మొత్తం పొడవు 300 మీటర్లే. మనం నడిచేది 230 మీటర్లు, అదీ అరగంటలో ముగిసిపోతుంది. అంత దూరం పోయి అరగంటేనా అని వెనుకాడవద్దని నా సలహా.

ఈ గుహకు సహజమైన ద్వారం లేదు. 1954లో ఇనుప ఖనిజం కోసం సొరంగం తవ్వుతుండగా బయటపడింది. 1972 నుంచి సందర్శకులను అనుమతిస్తున్నారు. ఇప్పటికీ మనుషులు తవ్విన సొరంగం గుండానే లోపలికి వెళ్ళాలి. వేల ఏళ్ళపాటు బయటి గాలి, మనుషుల చేతులు సోకకపోవడం వల్లనే ఆ సూదులు విరగకుండా మిగిలాయి. కాల్సైట్ అనే మరో ఖనిజం, అరగొనైట్ రెండూ సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేటే అయినా, నీటిలో మెగ్నీషియం ఎక్కువగా ఉన్నప్పుడు కాల్సైట్ పెరుగుదల మందగించి, అరగొనైట్ సూదులుగా పేరుకుంటుంది.

'పాలపుంత' అని పేరు పెట్టిన గదిలో పైకప్పు చీలిక వెంట తెల్లని గుత్తులు దీపాల వెలుగులో మెరుస్తుంటాయి. గోడ మీద తక్కువ ఎత్తులో ఉన్న ఒక గుత్తిని తేరిపార చూశాను: ఒకే బిందువు నుంచి అన్ని దిక్కులకూ పల్లేరుకాయ ముళ్ళలా సూదులు లేచి ఉన్నాయి, కొన్ని నడిమధ్యలో మెలి తిరిగి గురుత్వాకర్షణతో నిమిత్తం లేనట్టు పైకి వంగాయి. మూత్రపిండాల ఆకారంలో ఉన్న పాతతరం అరగొనైట్ వయసు 1,21,000 నుంచి 1,38,000 సంవత్సరాలు కాగా, పొడవాటి సూదులది సుమారు 14,000 సంవత్సరాలు. మూడో తరం ఇప్పటికీ ఏర్పడుతూనే ఉంది.

గైడు వివరణ స్లొవాక్ భాషలో సాగింది కనుక, ముందే చదువుకొని వెళితే చూపు ఎక్కడ నిలపాలో తెలుస్తుంది. ఫొటోలకు వేరే రుసుము ఉంటుంది. చూడవలసినవన్నీ కంటికి దగ్గరగానే ఉన్నందున నేనైతే కెమెరా లేకుండానే వెళ్ళమంటాను. లోపల 7 డిగ్రీల చలి, కాబట్టి వేసవిలోనూ స్వెట్టర్ తప్పనిసరి.

గొంబాసెక్ గుహ రోజ్న్యావాకు దక్షిణాన ఉంది. 1951లో కనుగొన్న ఈ గుహలో ఉన్నవి అరగొనైట్ సూదులు కావు, పైకప్పు నుంచి వేలాడే సన్నని బోలు గొట్టాలు. నీటి బొట్టు గొట్టం లోపలి నుంచి దిగి, అంచు వద్ద క్షణం నిలిచి, సున్నపు వలయాన్ని వదిలి రాలిపోతుంది. అలా వలయం మీద వలయం చేరి కొన్ని 3 మీటర్ల పొడవుకు చేరాయి. ఓఖ్టినాలోని వైవిధ్యం ఇక్కడ లేదు గానీ, ఏర్పడే పద్ధతి కళ్ళెదుటే జరగడం ఇక్కడే చూశాను. ఈ రెండు గుహలూ 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

మన బొర్రా, బెలూం గుహలు విశాలతలో వీటికన్నా ఎంతో గొప్పవి, అయితే ఇంత సన్నని రూపాలు వాటిలో నాకు కనబడలేదు. బొర్రాలో చేతులు తగిలి నల్లబడిన రాళ్ళను తలచుకుంటే, ఇక్కడ చిన్న బృందాలుగానే లోపలికి పంపడం ఎంత అవసరమో అర్థమవుతుంది.

బసకు కోషిత్సె నగరంలో హోటళ్ళు ఎక్కువ, రోజ్న్యావాలో చిన్న లాడ్జీలు చవక. గుహలకు దగ్గర కనుక రోజ్న్యావానే మేలనిపించింది; గది శుభ్రంగా ఉంది, ఉదయం ఫలహారం సాదాసీదాగా ఉంది. శాకాహారులు బంగాళాదుంప ముద్దలతో చేసే 'హలుష్కి'ని పంది మాంసం లేకుండా వడ్డించమని ముందే చెప్పాలి. బస్సులు తక్కువ కాబట్టి కారు అద్దెకు తీసుకోవడం మంచిది. రెండు గుహలూ ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకే తెరిచి ఉంటాయి, సోమవారం సెలవు. ఒకే రోజు రెండూ చూడాలంటే ఉదయం తొలి బృందంతో ఓఖ్టినాకు వెళ్ళి, మధ్యాహ్నానికి గొంబాసెక్ చేరుకోవచ్చు.