డాస్ యంత్రానికి ఐసా నెట్‌వర్క్ కార్డు: ఐఆర్‌క్యూ 10 మీద పెట్టుకుంటే కొనదగినదే

గుంటూరు మిర్చి యార్డు దగ్గర మా బంధువుల కమీషన్ దుకాణంలో ఒక 486 (1990ల నాటి ప్రాసెసరు) కంప్యూటరు ఇప్పటికీ డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీదే పద్దులు నడుపుతోంది. ఫ్లాపీలు దొరకడం గగనమైపోయినందున, ఆ పద్దులను కొత్త యంత్రంలోకి పంపడానికి విజయవాడ గవర్నరుపేటలో పాత విడిభాగాలు అమ్మే దుకాణంలో రియల్‌టెక్ ఆర్‌టీఎల్8019ఏఎస్ చిప్ ఉన్న ఐసా (పాత పీసీల స్లాటు రకం) నెట్‌వర్క్ కార్డు తీసుకున్నాను. నోవెల్ ఎన్ఈ2000 అనే పాత నెట్‌వర్క్ కార్డు తరహాలో పనిచేసే ఈ కార్డును నిస్సందేహంగా కొనవచ్చు. అయితే ఇంటరప్టు, అంటే పరికరం ప్రాసెసరును పిలిచే సంకేతం, సంగతి చక్కబెట్టేవరకు దాని విలువ తెలిసిరాదు. ఆ పిలుపు వెళ్లే లైను సంఖ్యే ఐఆర్‌క్యూ.

1981 నాటి ఐబీఎం పీసీలో 8259ఏ అనే ఇంటరప్టు కంట్రోలరు ఒక్కటే ఉండేది, దానికి 8 లైన్లు. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీ నమూనాలో రెండో 8259ఏ చేరినా, దానిని మొదటిదాని ఐఆర్‌క్యూ 2కు తగిలించినందున చేతికి వచ్చినవి 15 మాత్రమే. టైమరు, కీబోర్డు, ఫ్లాపీ, గడియారం, హార్డ్ డిస్కు తమ వాటా తీసుకున్నాక కార్డులకు మిగిలేవి కొద్ది లైన్లే. ఎన్ఈ2000 మొదటినుంచీ వాడుతూ వచ్చిన ఐఆర్‌క్యూ 3 నిజానికి కామ్ 2 సీరియల్ పోర్టుది. దుకాణంలో ఎలక్ట్రానిక్ కాటా తగిలించినది సరిగ్గా ఆ కామ్ 2కే. మిర్చి టిక్కీల (బస్తాల) బరువు అక్కడినుంచే పద్దులోకి ఎక్కుతుంది. ఐసా బస్సులో సంకేతం లేచే క్షణాన్ని మాత్రమే కంట్రోలరు గుర్తిస్తుంది కాబట్టి, ఒకే లైను మీద రెండు పరికరాలు పనిచేస్తే ఒకదాని పిలుపు అందకుండా పోవచ్చు. ఐసా తరవాత వచ్చిన పీసీఐ స్లాట్లలో లాగా లైనును పంచుకోవడం ఇక్కడ నమ్మదగిన పని కాదు. కాటాను వదులుకునే ప్రశ్నే లేదు కనుక కార్డునే పక్కకు జరపాలి.

ఈ కార్డు గొప్పతనం అక్కడే కనిపిస్తుంది. 8 బిట్ల పాత కార్డులకు 9 దాటిన లైన్లు అందవు. ఇది 16 బిట్లది. 3, 4, 5, 9, 10, 11, 12, 15లలో దేనినైనా ఎంచుకోనిస్తుంది. వీటిలో 5ను తరచుగా సౌండు కార్డు, 12ను పీఎస్/2 మౌసు ఆక్రమిస్తాయి. 10 దాదాపు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

అమర్పుకు ఆర్‌సెట్8019 అనే డాస్ ప్రోగ్రాము కావాలి. దుకాణదారు దాని ఫ్లాపీ ఇవ్వలేదు, వెతికి తెచ్చుకోవలసి వచ్చింది; ఇది నా అసంతృప్తి. కార్డు ప్లగ్ అండ్ ప్లే (యంత్రమే అమర్పు చేసే) పద్ధతిలో ఉంటే పాత బయాస్ (యంత్రాన్ని మొదలుపెట్టే ప్రోగ్రాము) దానికి ఐఆర్‌క్యూ కేటాయించదు కాబట్టి, ముందుగా జంపర్‌లెస్ (ప్రోగ్రాముతో మనమే అమర్చుకునే) పద్ధతికి మార్చి, ఆపై ఐఆర్‌క్యూ 10, పోర్టు (ప్రాసెసరు కార్డుతో మాట్లాడే చిరునామా) 300 ఎంచుకోవాలి. ఈ వివరాలు కార్డు మీది చిన్న ఈఈప్రామ్ మెమరీ చిప్‌లో భద్రమవుతాయి, కరెంటు పోయినా చెరగవు. పోర్టును 360గా పెడితే అది 378 దగ్గరున్న ప్రింటరు పోర్టు మీదికి పాకుతుంది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు వాడేవారు అటు పోకూడదు.

ప్యాకెట్ డ్రైవరును (డాస్‌లో నెట్‌వర్క్ కార్డును నడిపే ప్రోగ్రామును) పిలిచే వరుసలో ఒక మెలిక ఉంది. సాఫ్ట్‌వేర్ ఇంటరప్టు, హార్డ్‌వేర్ ఇంటరప్టు, పోర్టు అనే మూడు అంకెలను ఇదే క్రమంలో ఇవ్వాలి. మొదటిదీ మూడోదీ హెక్సా (పదహారు ఆధారంగా రాసే) అంకెలు కనుక 0ఎక్స్60, 0ఎక్స్300 అని రాయాలి. నడిమిదానిని మాత్రం ఉత్త 10గా వదలాలి. దానికీ 0ఎక్స్ తగిలిస్తే 16 అవుతుంది, అలాంటి లైను యంత్రంలో లేనే లేదు. డ్రైవరు నిలిచాక ఎంటీసీపీ అనే డాస్ నెట్‌వర్క్ ప్రోగ్రాములతో ఫైళ్లు చక్కగా వెళ్తున్నాయి, అదే సమయంలో కాటా అంకెలూ తప్పకుండా వస్తున్నాయి. వేగం 10 మెగాబిట్లే అయినా పద్దుల ఫైళ్లకు అది ధారాళంగా సరిపోతుంది.

కొనేముందు స్లాటులో దిగే బంగారు పూత అంచు నల్లబడలేదని చూడండి. కొన్ని కార్డులకు బీఎన్‌సీ (పాతకాలపు గుండ్రటి సాకెట్టు) ఒక్కటే ఉంటుంది గనుక ఆర్‌జే45 (ఇప్పటి నెట్‌వర్క్ కేబుల్ సాకెట్టు) ఉన్నదే అడగండి. మీ యంత్రంలో పీసీఐ స్లాటు ఉంటే మాత్రం ఈ శ్రమ అక్కరలేదు, పీసీఐ కార్డే తీసుకోండి.