నాలుగేళ్లు, 46,000 కిలోమీటర్లు: సెకండ్ హ్యాండ్ బీఎండబ్ల్యూ 320డి సమీక్ష

2021 సెప్టెంబరులో హైదరాబాదులో ఒక బీఎండబ్ల్యూ 320డి లగ్జరీ లైన్ కారును 19 లక్షల 75 వేల రూపాయలకు కొన్నాను. అప్పటికి దాని వయసు ఐదేళ్లు, తిరిగిన దూరం 61,000 కిలోమీటర్లు. కొత్తలో పన్నులు, బీమా కలుపుకొని నలభై లక్షలు దాటిన బండి సగం ధరకే వచ్చిందని ఇంట్లో అందరూ సంబరపడ్డారు. ఇప్పుడు మీటరు 1,07,000 చూపిస్తోంది. ఈ నాలుగేళ్లలో ఈ కారు మీద పెట్టిన ప్రతి రూపాయికీ రసీదు దాచాను కాబట్టి, ఇలాంటి కారు కొనాలనుకునేవారికి ఊహతో కాక లెక్కతోనే చెప్పగలుగుతున్నాను.

ఎఫ్30 అనే ఈ తరం 3 సిరీస్ మన దేశానికి 2012లో వచ్చింది, చెన్నై దగ్గరి బీఎండబ్ల్యూ కర్మాగారంలో బిగింపు జరిగింది. 2016కు ముందరి 320డిలలో ఉండేది ఎన్47 అనే డీజిల్ ఇంజన్. 2016లో రూపు మార్చుకొని వచ్చిన కార్లలో బీ47 ఇంజన్ ఉంటుంది. 190 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఇస్తుంది. నాది రెండో రకం. నేను ఆ రకమే కావాలని పట్టుబట్టడానికి, ఇంజన్ లోపలి భాగాలను ఒకే లయలో నడిపే టైమింగ్ చెయిన్ కారణం. 2011కు ముందు తయారైన ఎన్47 ఇంజన్లలో ఈ చెయిన్ అరిగిపోయి తెగిన ఉదంతాలు చాలా దేశాల్లో బయటపడ్డాయి. ఆ తరువాత మార్పులు చేశారు కానీ, చెయిన్ ఉన్న చోటు మాత్రం మారలేదు. రెండు ఇంజన్లలోనూ అది గేర్‌బాక్స్ వైపు, వెనక భాగంలో ఉంటుంది కాబట్టి, దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్‌నో ఇంజన్‌నో దించక తప్పదు. అందుకే రాత్రంతా నిలిపి ఉంచిన బండిని తెల్లవారి మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు బానెట్ తెరిచి, ఇంజన్ వెనక వైపు చెవి పెట్టి వినాలి. అక్కడ గలగలమనే చప్పుడు వినబడితే, ధర ఎంత తగ్గిస్తామన్నా ఆ బండి జోలికి వెళ్లకూడదు. అమ్మేవారు మనం వెళ్లేసరికే ఇంజన్ వేడెక్కించి ఉంచితే, మరుసటి రోజు పొద్దున్నే వస్తామని చెప్పి వెనక్కి వచ్చేయడమే మంచిది.

ఈ కారు దొరకడానికి ముందు మూడు నెలలు తిరిగాను. మొదట నచ్చినది ఢిల్లీ నుంచి వచ్చిన ఒక తెల్ల 320డి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ కార్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు కూడా బలపరచడంతో, అక్కడివారు గడువు దగ్గరపడకముందే ఇలాంటి బండ్లను తక్కువకు వదిలించుకోసాగారు. అవి దక్షిణాదికి చేరాయి. అలా వచ్చిన బండికి అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి, తెలంగాణలో మళ్లీ జీవితకాల పన్ను కట్టాలి. ఈ రెండూ కలిపి చూస్తే చవక అనుకున్నది కొంత కరిగిపోతుంది. అయినా నేను సిద్ధపడ్డాను. అమ్మకందారు మీటరు మీద 48,000 చూపించాడు, సీట్లు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. అడ్వాన్సు ఇచ్చేముందు, జర్మన్ కార్లు మాత్రమే చూసే మెకానిక్ ఒకరిని వెంట తీసుకువెళ్లడం నా అదృష్టం. ఆయన తన స్కానర్ తగిలించి ఒక్కో కంప్యూటర్ యూనిట్‌నూ విడివిడిగా చదివారు. ఈ కార్లలో కిలోమీటర్ల లెక్క ఒక్క మీటరులోనే ఉండదు. ఇతర యూనిట్లలోనూ, తాళంచెవిలోనూ నమోదవుతూ ఉంటుంది. ఒక యూనిట్‌లో 91,000 కనిపించింది. ఆయన స్కానర్ తెర నావైపు తిప్పి, "అన్నా, మీటరు అబద్ధం చెప్పినా మిగతావి నిజమే చెబుతాయి" అన్నారు. అమ్మకందారు తనకేమీ తెలియదన్నాడు. అక్కడి నుంచి మాట్లాడకుండా వచ్చేశాం.

రెండో పరీక్ష నీటిది. 2015 డిసెంబరు చెన్నై వరదల్లోనూ, 2020 అక్టోబరులో మన హైదరాబాదు వరదల్లోనూ ఎన్నో కార్లు మునిగాయి. అలాంటి బండ్లు కడిగి, ఆరబెట్టి మళ్లీ అమ్మకానికి వస్తాయన్న భయం నాకు బాగా ఉండేది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడమని మెకానిక్ నేర్పారు. సబ్బుతో కడిగినవాళ్లు సీట్లూ కార్పెట్లూ కడుగుతారు కానీ, చుట్టలో దాగి ఉండే ఆఖరి జానెడు బెల్టు జోలికి పోరు; నీళ్లు ఎక్కిన బండి అయితే అక్కడ మట్టి గీత మిగిలి ఉంటుంది. ఈ మోడలులో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది కాబట్టి, అక్కడి మూత ఎత్తి బ్యాటరీ కింద తుప్పు, ఒండ్రు ఉన్నాయేమో చూడాలి. ముందు సీట్ల పట్టాల బోల్టుల తలల మీద తుప్పు ఉంటే అది కూడా అనుమానించదగ్గదే. నేను చివరికి కొన్న కారు ఈ పరీక్షలన్నీ దాటింది. అంతకంటే ముఖ్యంగా, దాని మొదటి యజమాని ఐదేళ్ల సర్వీసు బిల్లులను తారీఖుల వారీగా ఫైలులో పెట్టి ఉంచారు. అదే మోడలు, అదే ఏడాదిది, ఫైలు లేనిది, లక్షన్నర తక్కువకు ఇంకొకటి దొరికింది. నేను ఫైలుకు లక్షన్నర కట్టాననే అనుకుంటాను, ఇప్పటికీ ఆ నిర్ణయం సరైనదేనని నమ్ముతాను. 2018లో ఇంజన్ పొగను చల్లబరిచే ఎగ్జాస్ట్ గ్యాస్ కూలర్ లీకు కారణంగా దక్షిణ కొరియాలో డీజిల్ బీఎండబ్ల్యూలు కాలిపోవడం, ఆ తరువాత యూరప్‌లోనూ లక్షల కార్లను వెనక్కి పిలవడం గుర్తుండి, చాసిస్ నంబరు ఇచ్చి అధీకృత సర్వీసు కేంద్రంలో రీకాల్ ఏదీ పెండింగులో లేదని కూడా నిర్ధారించుకున్నాను.

ఇక నడపడం గురించి. మా సొంతూరు తెనాలి దగ్గర. మియాపూర్ నుంచి బయలుదేరి, ఔటర్ రింగు రోడ్డు ఎక్కి, విజయవాడ హైవే మీదుగా వెళితే ఇంటికి చేరేసరికి 300 కిలోమీటర్లు దాటుతుంది. ఈ ప్రయాణంలో ఈ కారు ఇచ్చే సుఖం నేను ఇంతకుముందు నడిపిన ఏ కారూ ఇవ్వలేదు. ముందూ వెనకా ఇరుసుల మీద బరువు దాదాపు సమంగా ఉండటం, వెనక చక్రాలే బండిని తోయడం వల్ల, వేగంగా ఉన్నప్పుడు మలుపులో కూడా బండి నేలను పట్టుకొని ఉన్నట్లే ఉంటుంది. లారీని దాటాల్సి వచ్చినప్పుడు ఎనిమిది గేర్ల జెడ్ఎఫ్ గేర్‌బాక్స్ ఎప్పుడు కిందికి మారిందో తెలియదు, దాటేశాకే తెలుస్తుంది. హైవే మీద లీటరుకు 18 నుంచి 19 కిలోమీటర్లు వస్తుంది, నగరంలో 12. అన్నీ కలిపి సగటున 15.5. వెనక సీటు విషయంలో మాత్రం నా అసంతృప్తి చెప్పాలి. మధ్యలో ఎత్తుగా ఉండే ఇరుసు సొరంగం వల్ల మూడో మనిషికి కాళ్లు పెట్టుకోవడానికి చోటుండదు. సీట్లు బాగా కిందికి ఉండటంతో, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మను ఎక్కించడం, దించడం ప్రతిసారీ కష్టమే. ఇంట్లో పెద్దవాళ్లుంటే, కొనేముందు వాళ్లను ఒకసారి కూర్చోబెట్టి చూడాలని గట్టిగా చెబుతాను.

నిర్వహణ ఖర్చు దగ్గరకు వస్తే, ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకోవాలి. కారు ధర సగానికి పడిపోయినా దాని విడిభాగాల ధర పడిపోదు. అవి ఇప్పటికీ నలభై లక్షల కారు భాగాలే. ఈ సంగతి మరచి కొన్నవాళ్లకు ఖర్చు తడిసి మోపెడవుతుంది. నేను వారంటీ ముగిసిన బండి కొన్నాను కాబట్టి, మొదటి నుంచీ స్వతంత్ర గ్యారేజీనే ఎంచుకున్నాను. కంపెనీ డబ్బాలో వచ్చే భాగాలు తప్పనిసరి కాని చోట లెమ్‌ఫోర్డర్, మాన్, మాలే, ఆటే వంటి తయారీదారుల భాగాలు తెప్పించుకుంటే ఖర్చు గణనీయంగా తగ్గుతుంది. ఇంజన్ ఆయిలును, ఫిల్టరును కారు చెప్పేదాకా ఆగకుండా పది వేల కిలోమీటర్లకో ఏడాదికో మార్పిస్తున్నాను. ఆయిలు డబ్బా మీద బీఎండబ్ల్యూ ఆయిలు ప్రమాణమైన లాంగ్‌లైఫ్-04 పేరు ఉందో లేదో నేనే చూస్తాను.

గేర్‌బాక్స్ ఆయిలు మార్చడం మాత్రం దగ్గరుండి చూశాను, ఎందుకంటే దాని గురించి చెప్పేవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు. కారు షెడ్యూలులో ఈ ఆయిలుకు మార్పిడి గడువు ఉండదు. గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లలోగా, లేదా ఎనిమిదేళ్లకు మార్చుకోమంటుంది. నేను 84,000 దగ్గర మార్పించాను. అడుగున ఉండే ట్రే ప్లాస్టిక్‌ది, ఫిల్టరు దానిలోనే అంతర్భాగంగా ఉంటుంది కాబట్టి మొత్తం ట్రేనే కొత్తది వేయాలి. పాతది విప్పినప్పుడు ఆయిలు కాఫీ డికాక్షను రంగులో కారింది. ట్రే లోపలి అయస్కాంతాల మీద బూడిద రంగు మెత్తని ముద్ద పేరుకుని ఉంది. వేలితో తీసి రుద్దితే కాటుకలా అంటుకుంది కానీ, ఎక్కడా ఇనుప రజను గరగరలాడలేదు. అది మామూలు అరుగుదలేనని, గింజల్లా తగిలితేనే భయపడాలని మెకానిక్ చెప్పారు. కొత్త ఆయిలు నింపడం ఇంకా ఓపిక గల పని. ఇంజన్ నడుస్తూ ఉండగా, గేర్లు ఒక్కొక్కటీ మార్చి, ఆయిలు ఉష్ణోగ్రతను స్కానరులో చూస్తూ, నలభై డిగ్రీల దగ్గర నింపే రంధ్రం నుంచి సన్నని ధార కారేదాకా పోయాలి. చల్లగా ఉన్నప్పుడు నింపి మూత బిగించే గ్యారేజీలో ఈ పని చేయించకూడదు. మార్చాక, రెండో గేరు నుంచి మొదటి గేరుకు దిగేటప్పుడు ట్రాఫిక్‌లో అప్పుడప్పుడూ తగిలే చిన్న కుదుపు పోయింది.

నాకు ఎదురైన పెద్ద చేదు అనుభవం బ్యాటరీతో. రెండో ఏడాది వేసవిలో అది బలహీనపడితే, ఇంటి దగ్గరి ఒక గ్యారేజీలో కొత్తది వేయించాను. ఈ కారులో బ్యాటరీ మార్చినప్పుడు ఆ సంగతిని కంప్యూటరుకు నమోదు చేయాలి. లేకపోతే అది పాత బ్యాటరీయే ఉందనుకొని అదే తీరులో ఛార్జింగు చేస్తుంది. ఆ గ్యారేజీవారు అది చేయలేదు, అవసరమని కూడా చెప్పలేదు. పద్నాలుగు నెలలకే ఆ బ్యాటరీ చచ్చిపోయింది, నాన్నగారిని ఆసుపత్రికి తీసుకువెళ్లాల్సిన ఉదయాన. ఇరవై తొమ్మిది వేలు పెట్టి మళ్లీ కొత్తది, ఈసారి నా మెకానిక్ దగ్గర, నమోదు చేయించి మరీ వేయించాను. నమోదుకు పట్టిన సమయం పది నిమిషాలు. మీ బండికి ఎవరు బ్యాటరీ వేసినా, వేశాక నమోదు చేశారా అని అడగండి.

టైర్ల గురించి రెండే మాటలు. ఇవి రన్‌ఫ్లాట్ టైర్లు. పంక్చరైనా కొంత దూరం నడుస్తాయి, కానీ పక్కగోడలు గట్టివి కావడంతో మన గుంతలన్నీ నడుముకు తెలుస్తాయి. నేను మళ్లీ అవే వేయించాను, ఎందుకంటే రాత్రిపూట హైవే మీద పిల్లలతో ఆగిపోవడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు లెక్క. ఐదు సాధారణ సర్వీసులకు 82,500. నాలుగు టైర్లకు 78,000. బ్రేకు ప్యాడ్లు, ముందు డిస్కులకు 64,000. ముందు సస్పెన్షన్ ఆర్ములు, బుష్‌లకు 58,000. గేర్‌బాక్స్ ఆయిలుకు 52,000. కూలెంట్ ట్యాంకు, థర్మోస్టాట్, గొట్టాలకు 34,000. నేను చెప్పిన రెండో బ్యాటరీకి 29,000. మొత్తం 3,97,500 రూపాయలు. తొందరగా పోయిన మొదటి బ్యాటరీనీ, బీమానూ ఇందులో కలపలేదు. కిలోమీటరుకు ఎనిమిది రూపాయల అరవై నాలుగు పైసలు. డీజిల్‌కు అయ్యేది కిలోమీటరుకు ఆరు రూపాయల పైచిలుకే. అంటే ఈ వయసు బీఎండబ్ల్యూకు ఇంధనం కంటే నిర్వహణే ఎక్కువ మింగుతుంది. మైలేజీ అడిగేవాళ్లందరికీ నేను ముందు ఈ నిర్వహణ అంకె చెబుతాను. ఆ రెండో బ్యాటరీ తప్ప ఇవేవీ బండి చెడిపోయి పెట్టినవి కావు, ఈ వయసులో రబ్బరూ ప్లాస్టిక్కూ కోరుకునే సహజమైన ఖర్చులు. కొన్న రోజే ధరలో ఐదో వంతును విడిగా ఒక ఖాతాలో వేయడం వల్ల, ఒక్క బిల్లు కూడా నన్ను అప్పు చేయించలేదు.

రోజూ ఆఫీసుకు ఏడెనిమిది కిలోమీటర్లు వెళ్లి వచ్చేవారికి నేను ఈ డీజిల్ కారును సిఫారసు చేయను. ఇంజన్ సరిగ్గా వేడెక్కకుండానే ఆపేస్తూ ఉంటే పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్, ఇంజన్‌కు గాలి అందించే ఇన్‌టేక్ మానిఫోల్డ్ మసితో పూడిపోతాయి. అలాంటివారు ఇదే తరం పెట్రోలు బండి చూసుకోవాలి. నెలకు రెండుసార్లయినా ఊరికి పోయేవారికి మాత్రం, సర్వీసు ఫైలు ఉన్న 2016 తరువాతి బండి దొరికితే, నేను నిస్సంకోచంగా కొనమంటాను.

ప్రస్తుతం నా బండికి ఇంజన్ మౌంట్లు (ఇంజన్‌ను పట్టి ఉంచే రబ్బరు ఆధారాలు) మెత్తబడ్డాయి. సిగ్నలు దగ్గర గేరు డీ (డ్రైవ్)లోనే ఉంచి ఆపితే స్టీరింగులో సన్నని వణుకు తెలుస్తోంది. మౌంట్లకు ఆర్డరు పెట్టాను, సంక్రాంతికి తెనాలి వెళ్లేలోగా వేయిస్తాను. అదే రోజు మా బావమరిది చూసివచ్చిన 2017 మోడలు 320డిని కూడా మెకానిక్ దగ్గరకు తెమ్మన్నాను, రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున్నే నేను వచ్చాకే స్టార్ట్ చేయాలన్న షరతు మీద.