అమిగా 1200కి రెడీమేడ్ సీఎఫ్ కార్డు కొంటున్నారా? జాగ్రత్త

పాతకాలపు కంప్యూటర్లు అమిగా 600, 1200లలో పాత 2.5 అంగుళాల హార్డ్ డిస్కు తీసేసి కాంపాక్ట్ ఫ్లాష్ (సీఎఫ్) మెమరీ కార్డు పెట్టుకోవడం మంచి పనే. చిక్కంతా ‘పెట్టి ఆన్ చేస్తే చాలు’ అని అమ్మే 16, 32 జీబీ కిట్లతోనే. వర్క్‌బెంచ్ (అమిగా డెస్క్‌టాప్) తెరుచుకుంటున్న వీడియో చూసి డబ్బు కట్టకండి. బూట్ అయ్యేటప్పుడు చదివేవి చాలావరకు చిన్న ఫైళ్లే, కార్డు తప్పుగా సెట్ చేసినా అవి లోడవుతాయి. పైన పటారం, లోన లొటారం.

తంటా మొదలయ్యేది 128 కేబీ దాటిన ఫైళ్లతో. ఎల్‌హెచ్ఏ (జిప్ లాంటి కుదించిన ఫైలు) విప్పితే డేటా చెడిందనే సీఆర్‌సీ ఎర్రర్, పాట మధ్యలో గరగర. కార్డు పాడైందనుకుంటారు గానీ, చాలాసార్లు తప్పు మాక్స్‌ట్రాన్స్‌ఫర్ (ఒక విడతకు గరిష్ఠంగా ఎంత డేటా పంపాలో చెప్పే) విలువది. అమిగాలో డిస్కులు సెట్ చేసే ప్రోగ్రామ్ హెచ్‌డీటూల్‌బాక్స్‌లో పార్టిషన్ డ్రైవ్‌కి వెళ్లి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ టిక్ చేసి, ఫైల్ సిస్టమ్ మార్చే బటన్ నొక్కితే ఆ గడి కనిపిస్తుంది. అందులో 0ఎక్స్1ఎఫ్ఇ00 (0x1FE00) ఉండాలి. అంటే 130560 బైట్లు, ఒక విడతకు 255 సెక్టార్లు (ఒక్కోటి 512 బైట్లు). ప్రతి పార్టిషన్‌కూ (కార్డులో విభజించిన భాగానికి) విడిగా మార్చి, ఎంటర్ కొట్టి, డ్రైవ్‌కి సేవ్ చేసి రీబూట్ చేయండి. ఫార్మాట్ అక్కర్లేదు. అప్పటికే అమిగాలో రాసిన పెద్ద ఫైళ్లు మాత్రం మళ్లీ కాపీ చేసుకోవాల్సిందే.

రెండో చిక్కు ఇంకా ప్రమాదం. కిక్‌స్టార్ట్ (అమిగాను బూట్ చేసే సాఫ్ట్‌వేర్) 3.1 వరకు ఉన్న రోమ్ (ROM) చిప్‌లు 4 జీబీ దాటి చూడలేవు. ఆ పైన రాసింది చుట్టు తిరిగి కార్డు మొదట్లో పడుతుంది. పార్టిషన్ల పట్టిక ఉండేది అక్కడే! 2018లో వచ్చిన 3.1.4 లేకపోతే పార్టిషన్లన్నీ మొదటి 4 జీబీలోపే ముగించి, మిగతాది ఖాళీగా వదిలేయండి. అసలు 4 జీబీ కార్డే కొంటే గొడవే లేదు.

ఇక కార్డును హార్డ్ డిస్కు కనెక్టర్‌కి కలిపే అడాప్టర్ విషయం. 44 పిన్నుల్లో 41, 42 ఐదు వోల్టులవి, 40, 43 గ్రౌండ్. ఒక్క జత పిన్నులు అటో ఇటో జరిగినా ఐదు వోల్టులు గ్రౌండ్‌కి తగిలి షార్ట్ అవుతుంది. ఆన్ చేసేముందు టార్చి వేసి రెండు చివరలా చూడండి.

కార్డు నకిలీదైతే చూపించే సైజు ఒకటి, ఉండేది ఒకటి. ముందు పీసీలో దాని ఇమేజ్ (పూర్తి నకలు) తీసుకోండి. విండోస్ ‘ఫార్మాట్ చేయాలా’ అంటే వద్దనండి. తర్వాత ఫ్యాట్‌32గా ఫార్మాట్ చేసి, విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూతోనో లైనక్స్‌లో ఎఫ్3తోనో కార్డు నిండా రాసి చదివించండి. పాసైతేనే ఇమేజ్ తిరిగి ఎక్కించండి.

కొనేముందు మాక్స్‌ట్రాన్స్‌ఫర్ గడి కనిపించేలా స్క్రీన్ ఫోటో అడగండి. ‘అదేంటి?’ అని ఎదురు అడిగేవాళ్ల దగ్గర కొనకండి.