రిక్వైర్‌మెంట్ల ట్రేసింగ్: ఎక్సెలా, డోర్స్ లాంటి టూలా?

భీమవరంలో ఇంజినీరింగ్ చదివి ఏవియానిక్స్‌లో చేరిన మా బావమరిది ఫోన్ చేశాడు. “బావా, డీఓ-254 ప్రాజెక్టులో రిక్వైర్‌మెంట్ల ట్రేసింగ్‌కి ఎక్సెల్ చాలదా?” డీఓ-254 అంటే విమానాల్లోని ఎలక్ట్రానిక్ హార్డ్‌వేర్ డిజైన్‌కి పాటించే ప్రమాణం. రిక్వైర్‌మెంట్ అంటే ఆ హార్డ్‌వేర్ ఏం చేయాలో చెప్పే మాట. డోర్స్ అంటే రిక్వైర్‌మెంట్లనీ వాటి లింకులనీ చూసుకునే సాఫ్ట్‌వేర్.

మన డెల్టాలో చేనుకి నీరు రాకపోతే బోదె, పిల్లకాలువ, పెద్దకాలువ పట్టుకుని ధవళేశ్వరం దాకా వెనక్కి చూస్తాం కదా. ఇక్కడా అంతే. ప్రతి టెస్టు నుంచి డిజైన్ మీదుగా రిక్వైర్‌మెంట్ దాకా వెళ్లగలగాలి, తిరిగి రాగలగాలి.

ఖర్చు: ఎక్సెల్ ఆఫీసులో ఉన్నదే. టూల్‌కి లైసెన్సులు, సర్వర్, చూసుకునే మనిషి కావాలి.

శ్రమ: ఎక్సెల్ ఈరోజే మొదలవుతుంది. టూల్ అందరికీ అలవాటు కావడానికి వారాలు పడుతుంది.

రిస్క్: అసలు తేడా ఇదే. మా ప్రాజెక్టులో ఒకసారి రీసెట్ తర్వాత అవుట్‌పుట్ ఆగాల్సిన సమయాన్ని 50 మిల్లీసెకన్ల నుంచి 20కి తగ్గించాం. షీట్‌లో రిక్వైర్‌మెంట్ వరస మారింది, టెస్టు వరసలో 50 అలాగే ఉండిపోయింది. టెస్టు పాసైంది! రివ్యూలో దొరికేదాకా నాకు నిద్ర లేదు. టూల్ అయితే ఆ లింకును ‘అనుమానాస్పదం’ అని చూపించేది. సరిచూడాల్సింది మాత్రం మనిషే.

డిజైన్‌లో కొత్తగా పుట్టే డిరైవ్డ్ రిక్వైర్‌మెంట్లు షీట్‌లో ఇంకా తేలిగ్గా జారిపోతాయి. అవి సేఫ్టీ అసెస్‌మెంట్ వాళ్లకి చేరి తీరాలి.

హార్డ్‌వేర్ విఫలమైతే ఎంత ప్రమాదమో దాన్ని బట్టి లెవెల్ ఇస్తారు, ఎ అన్నిటికంటే కఠినం. లెవెల్ సి, డి అయితే రిక్వైర్‌మెంట్ నుంచి టెస్టు దాకా జాడ చాలు. చిన్న బోర్డు, ఇద్దరు ముగ్గురు మనుషులైతే ఎక్సెల్‌తో నెట్టుకురావచ్చు. లెవెల్ ఎ, బి అయినా, రిక్వైర్‌మెంట్లు వందల్లో ఉన్నా మొదటి రోజే టూల్ తీసుకోండి. మధ్యలో మారడం అన్నిటికంటే కష్టం.