రెండున్నర గంటల కన్యాశుల్కం: కత్తెర ఎవరి మీద పడింది?

గత నెలలో విశాఖపట్నంలో ఒక నాటక సమాజం వారు ప్రదర్శించిన కన్యాశుల్కం చూశాను. టిక్కెట్టు 200 రూపాయలు, నిడివి రెండున్నర గంటలు. గురజాడ అప్పారావు గారి ఏడంకాల నాటకాన్ని ఉన్నదున్నట్టుగా ఆడితే ప్రేక్షకులు ఇల్లు చేరేసరికి తెల్లవారుతుంది కనుక, కుదించినందుకు ఎవరినీ తప్పుపట్టడం లేదు. అయితే కత్తెర పట్టినవారు గిరీశం మాటల్లో ఒక్కటీ వదులుకోలేక, ఆ లోటునంతా ఆడపాత్రల పద్దులో సర్దేశారు. పెళ్ళి పేరిట జరిగే బేరాన్ని నిలదీయడానికి పుట్టిన నాటకం ఆ దెబ్బకు ఒక కబుర్లరాయుడి వినోదంగా మిగిలింది.

ముందు మెచ్చుకోవలసినవి చెబుతాను. గిరీశం వేసిన నటుడికి మంచి గొంతు ఉంది. పూటకూళ్ళమ్మ సంత సామాను కోసమని ఇచ్చిన ఇరవై రూపాయలూ వేశ్య మధురవాణికి ఖర్చుపెట్టేసిన సంగతిని తనలో తాను చెప్పుకునే ఆరంభ రంగంలో, ఆయన ఎక్కడా చప్పట్ల కోసం ఆగలేదు. పనివాడు అసిరిగాడు నోరు విప్పినప్పుడు మాత్రమే వేదిక మీద అసలైన విజయనగరం యాస వినబడింది. తక్కినవారందరూ సినిమా తెలుగే మాట్లాడారు. ఆ ప్రాంతపు పలుకుబడిని నాటకంలోకి పట్టుబట్టి తెచ్చిన రచయితకు, ఆ ప్రాంతంలోనే, ఈపాటి న్యాయమైనా జరగకపోవడం నాకు కష్టంగా తోచింది.

మధురవాణి ఇంట్లో పూటకూళ్ళమ్మకు జడిసి గిరీశం మంచం కింద దాక్కునే రంగాన్ని దాదాపు ఇరవై నిమిషాలు సాగదీశారు. చీపురుకట్ట పైకి లేచిన ప్రతిసారీ హాలు ఘొల్లుమంది, నేనూ నవ్వాను. ఆ ఇరవై నిమిషాల ఖరీదు ఏమిటో తరువాత తెలిసింది. పద్దెనిమిది వందల రూపాయలకు ఆశపడి చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టడానికి అగ్నిహోత్రావధాన్లు సిద్ధపడినప్పుడు, భార్య వెంకమ్మ నూతిలో పడుతుంది. మాట చెల్లని ఇల్లాలికి ఆ ఇంట్లో మిగిలిన వాదన అదొక్కటే. ఈ ప్రదర్శనలో ఆ సంగతి వెంకమ్మ తోబుట్టువు కరటకశాస్త్రి నోట ఒక్క వాక్యంగా వచ్చి, వెంటనే ఆమె కొడుకు వెంకటేశం ఇంగ్లీషు చదువు మీది హాస్యంలో కలిసిపోయింది. లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి రెండే రెండు సార్లు కనిపించింది. తండ్రి ఇంట్లో పడి ఉన్న వితంతువు, రామప్పపంతులు మాట నమ్మి మోసపోయిన మనిషి, నాటకం మొత్తంలో ఎవరూ దారి చూపించని స్త్రీ ఆమె. ఆమెకు ఇక్కడ మిగిలింది గుమ్మంలో నిలబడి మూతి తిప్పడం మాత్రమే.

ఈ కోత చిన్నదేమీ కాదని చెప్పడానికి 1897 నాటి మొదటి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠిక ఒక్కటి చాలు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో శుల్కం పుచ్చుకుని జరిపిన పెళ్ళిళ్ళ జాబితా తయారైనప్పుడు, లెక్కకు వచ్చినవే 1,034 ఉన్నాయని ఆయన అందులో రాశారు. పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44 మంది, మూడేళ్ళవాళ్ళు 36 మంది, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. జనానికి చదివే అలవాటు ఇంకా పట్టుబడలేదు కనుక ఇటువంటి విషయాన్ని వారి దగ్గరకు చేర్చగలిగేది రంగస్థలమేనని కూడా ఆయన అక్కడే చెప్పుకున్నారు. 1892లో విజయనగరంలో తొలిసారి ఈ నాటకాన్ని చూసినవారిలో, పక్కింటి పిల్ల ఎంత ధర పలికిందో తెలిసినవారు ఉండే ఉంటారు. ఇవాళ మనకు ఆ ధరలు తెలియవు. తెలియజెప్పవలసిన పని వెంకమ్మదీ మీనాక్షిదీ, వేదిక మీద పెద్దగా మాట్లాడే అవకాశమైనా లేని సుబ్బిదీ. వాళ్ళను పక్కకు నెట్టినప్పుడు గిరీశం ఎవరిని చూసి దొంగ సంస్కర్త అవుతాడు?

మధురవాణి విషయం వేరుగా చెప్పాలి. మొదటి కూర్పులో ఆమెది చిన్న పాత్ర. 1909లో నాటకాన్ని దాదాపు తిరగరాసినప్పుడు గురజాడ ఆమెను కథకు ఇరుసుగా చేశారు. అంటే రచయిత పెంచిన పాత్రను మన దర్శకులు మళ్ళీ తగ్గించారన్నమాట! అగ్రహారాల్లో ప్రతి ఆడపిల్ల వెలనూ తండ్రో, పెళ్ళిళ్ళ పేరయ్యో నిర్ణయిస్తారు. తన వెల తానే చెప్పుకుని, అక్కరలేదనుకుంటే వద్దనగలిగిన మనిషి మధురవాణి ఒక్కతే. పెళ్ళినీ వేశ్యావృత్తినీ పక్కపక్కన నిలబెట్టి, రెంటిలో దేనిలో బేరం తక్కువో చూసుకొమ్మన్నట్టు ఉంటుంది ఆ అమరిక. సుబ్బి పెళ్ళి తప్పించడానికి కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకు అంటగట్టే కుట్ర కూడా ఆమె సాయంతోనే నడుస్తుంది. మంత్రాలు చదివినవారు పీటల మీద కూర్చున్నది ఆడపిల్లా మగపిల్లవాడా అని చూడలేదు, రూపాయలు చెల్లాయో లేదో చూశారు. పెళ్ళి మీద తెలుగులో ఇంతకన్న పదునైన వేళాకోళాన్ని నేను ఎరగను. ఆ పెళ్ళిని ఈ సమాజం వారు డప్పుల మోతతో, గిరగిర తిరిగే రంగు దీపాలతో పూర్తి చేసి మాటలన్నీ మింగేశారు.

అయినా మధురవాణి వేసిన నటికి దండం పెట్టాలి. పెళ్ళికూతురికి ఎరువిచ్చిన తన కంటె తిరిగి తెస్తే తప్ప గడప తొక్కవద్దని రామప్పపంతులును నిలదీసే రంగంలో ఆమె గొంతు పెంచలేదు. తలుపు జానెడు తెరిచి, గడియ మీద చెయ్యి తీయకుండా, అవతలి మనిషి బతిమాలుతున్నంతసేపూ ఆ గడియను అటూ ఇటూ మెల్లగా కదుపుతూ నిలబడింది. ఆ చిన్న కిరకిర చప్పుడు తప్ప హాల్లో మరేమీ వినబడలేదు. సాయంత్రం మొత్తంలో గురజాడ కనిపించింది ఆ మూడు నిమిషాల్లోనే అనిపించింది.

అగ్నిహోత్రావధాన్లు పెద్ద కూతురు బుచ్చమ్మ వేషం వేసిన అమ్మాయిది అమాయకమైన మొహం, పాత్రకు చక్కగా నప్పింది. కాని చిన్నతనంలోనే భర్త పోయిన ఆ అగ్రహారపు పిల్ల చేతికి రెండు ఆకుపచ్చ గాజులు ఉండిపోయాయి. మూడో వరుసలో ఉన్న నాకు దీపాల వెలుగులో అవి తళతళా మెరుస్తూ కనిపించాయి. వితంతు వివాహం గురించి గిరీశం ఉపన్యాసం దంచుతున్నంతసేపూ నా చూపు వాటి మీదే నిలిచిపోయింది. వేషధారణ చూసేవారు ఒక్కసారి గమనించి ఉంటే సరిపోయేది.

ముగింపులో మరీ తొందరపడ్డారు. మగవేషంలో వెళ్ళిన మధురవాణికీ, వేశ్యల పొడ గిట్టని వకీలు సౌజన్యారావుకూ మధ్య జరిగే సంభాషణే నాటకానికి తుది పరీక్ష. నీతిమంతుడని పేరున్న మగవాడికీ నీతి లేనిదని ముద్రపడిన ఆడదానికీ మధ్య ఎవరిది పైచేయో అక్కడ తేలుతుంది. దానిని నాలుగు నిమిషాలలో ముగించారు. ఆ తరువాత గురజాడ చేసిన సాహసం మరొకటి ఉంది. గిరీశం లేవదీసుకువచ్చిన బుచ్చమ్మకు అతనితోనే పెళ్ళి జరిపించి తెర దించే వీలున్నా, ఆయన ఆ పని చేయలేదు. ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపించి, గిరీశాన్ని ముందు చదువుకొమ్మన్నారు. 1881లోనే రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించి ఉన్నారు, కాబట్టి పెళ్ళి అనే పరిష్కారం గురజాడకు చేతికి అందేంత దగ్గరలోనే ఉంది. దానిని కాదని బుచ్చమ్మకు కొంత వ్యవధి ఇచ్చారు. ఆ మాట చెప్పే సమయానికి సౌజన్యారావు పాత్రధారి మైకు పనిచేయలేదు. వెంటనే గిరీశం "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అన్నాడు, హాలు లేచి చప్పట్లు కొట్టింది.

బయటికి వస్తూ, పూనా సంగతి మీకు వినబడిందా అని పక్క సీటు పెద్దాయనను అడిగాను. ఆయన కండువా సర్దుకుంటూ, "మధ్యలో ఈ పూనా ఎక్కడిదండీ?" అన్నారు.